గుండె వినే బూర ఇంటింటికీ కావాలి!

గర్భిణి ఉన్న ఇంట్లో డాక్టరు కన్నా, నర్సు కన్నా, ఆ మాటకొస్తే గర్భిణి కన్నా కూడా ముఖ్యమైనది ఒకటుంది. అది బూర!

పెళ్లిళ్లలో ఊదే బూర కాదు. జానెడు పొడవున అల్యూమినియంతో చేసిన బూర. ఒక కొన వెడల్పు, రెండో కొన బిళ్లలాగా చదును. వెడల్పు కొన కడుపు మీద పెట్టి, చదును కొనకు చెవి ఆనిస్తే లోపలి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఇది దవాఖానల్లో, నర్సుల అల్మారాల్లో ఖైదీగా పడి ఉంది. దాన్ని విడిపించి గృహప్రవేశం చేయించిన మొట్టమొదటి మనిషిని, ఈ జహీరాబాద్ మొత్తానికి, నేనేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

నన్నెరగని కొత్త పాఠకులకు ఒక ముక్క. నా పేరు రేవణసిద్ధప్ప. బొంబాయి రోడ్డు మీద లారీల స్పేర్ పార్టుల దుకాణం నాది. వారానికోసారి ఈ పత్రికలో మీకు బుద్ధులు చెప్పడం నా అదనపు ఉద్యోగం. దుకాణం వెనుక షెడ్డు, షెడ్డు వెనుక ఇల్లు. ఇంట్లో నా భార్య చెన్నమ్మ, కొడుకు శివరాజ్, కోడలు నీలమ్మ. కోడలిది రాయికోడ్.

బూర ఎందుకు కొన్నానో కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట నీలమ్మకు మొదటి కాన్పు ఐదో నెలలోనే పోయింది. ఇల్లంతా చాలా రోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎనభై మూడులో మళ్లీ నెల తప్పిందని తెలిసినప్పుడు సంతోషం కన్నా ముందు భయం వేసింది. ఆ భయంతోనే ఏడో నెల రాగానే హైదరాబాదు బస్సెక్కి, మందుల సామాన్లు అమ్మే ఒక దుకాణంలో బేరమాడి బూర తెచ్చాను. దాన్ని ఎట్లా వాడాలో దుకాణంవాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. యాభై ఏళ్లు దాటిన మగవాడు ఒక గొట్టాన్ని ఎట్లా వాడాలని అడుగుతాడా?

పైగా మా ఇంట్లో వినే విద్యలో ఆరితేరిన మనిషి ఉండనే ఉన్నాడు. మా షెడ్డులో పెద్ద మిస్త్రీ నాగప్ప. లారీ వచ్చి ఆగితే ఇతర మిస్త్రీలు బానెట్ ఎత్తి, నట్లు విప్పి, చేతులు నల్లగా చేసుకుని గంట తర్వాత రోగం చెబుతారు. నాగప్ప అట్లా కాదు. మూరెడు పేచ్‌కస్, అంటే స్క్రూడ్రైవర్, తీసుకుని, కొన ఇంజన్ మీద, పిడి చెవి మీద పెట్టి కళ్లు మూసుకుంటాడు. నిమిషం విని "మూడో సిలిండర్" అంటాడు. విప్పి చూస్తే మూడో సిలిండరే! నాగ్‌పూర్ నుంచి, షోలాపూర్ నుంచి లారీలు అతని చెవి కోసమే ఇక్కడ ఆగుతాయి. పేచ్‌కస్‌తో అంత వినేవాడు బూరతో ఎంత వినాలి, మీరే చెప్పండి!

ఇక్కడ మీకొక సందేహం రావాలి. రాకపోతే మీరు మర్యాదస్తులు కారు. పరాయి మగవాడు, అందులోనూ మిస్త్రీ, మా కోడలి కడుపుకు చెవి పెడతాడా? శివశివా! మేము పరువుగల వాళ్లం. దానికి మేము కనిపెట్టిన ఏర్పాటు ముందు రేడియో స్టేషన్ కూడా దిగదుడుపే.

నడిమి గదికి ఒక పరదా కట్టాం. పరదా లోపల మంచం మీద నీలమ్మ పడుకుంటుంది. చెన్నమ్మ బూర పెట్టి చెవి ఆనిస్తుంది. ఆమె కుడిచేతిలో చెంచా, పక్కన బోర్లించిన ఇత్తడి చెంబు. లోపల గుండె ఒకసారి కొట్టుకుంటే చెన్నమ్మ చెంబు మీద ఒకసారి కొడుతుంది. పరదా బయట కుర్చీలో నాగప్ప కళ్లు మూసుకుని ఆ చెంబు వింటాడు. నేను చేతి గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెడతాను. అంటే బిడ్డ గుండె నుంచి బూరలోకి, బూర నుంచి చెన్నమ్మ చెవిలోకి, చెవి నుంచి చేతిలోకి, చేతి నుంచి చెంబులోకి, చెంబు నుంచి నాగప్ప బుర్రలోకి. ఇందులో ఎక్కడైనా తప్పు జరిగే వీలుందా?

ఒకే ఒక్క అంతరాయం ఉండేది. అది నీలమ్మ.

పడుకున్న మనిషి పడుకోక మధ్యలో మాట్లాడేది. "అత్తమ్మా, నడుము గుంజుతున్నది," అనేది. చెన్నమ్మ దెబ్బ తప్పేది, నేను లెక్క మరిచేవాణ్ణి, నాగప్ప కళ్లు తెరిచేవాడు. మళ్లీ మొదటి నుంచి! అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. బూర పెట్టి ఉన్నంతసేపూ గర్భిణి మాట్లాడరాదు, దగ్గకూడదు, నవ్వరాదు. వినాలంటే నిశ్శబ్దం కావాలి కదా!

మొదటి రోజు వినికిడి నాకింకా జ్ఞాపకం. చెన్నమ్మ బూర అటూ ఇటూ జరిపి, ఒకచోట ఆగి, ఒక్కసారిగా చెంబు వాయించడం మొదలుపెట్టింది. టకటకటకటక! చెంచా కంటికి కనిపించడం లేదట. నూట ఇరవై దాకా లెక్కపెట్టాను, ఆ తర్వాత చెన్నమ్మ చేయి నొప్పెట్టి చెంచా పారేసింది.

నాగప్ప మొహం గంభీరంగా మారింది.

"సేటు, రేస్ అయితున్నది," అన్నాడు. "గింత రేస్ మీద ఏ గాడీ ఎక్కువ దినాలు నడవది. జర చల్లబర్చాలె."

పరదా లోపల నుంచి నీలమ్మ గొంతు వినిపించింది. "మామా, బిడ్డ గుండె గట్లనే ఉరుకుతదట. దవాఖానల శరణమ్మక్క చెప్పింది. ఉరుకుతేనే మంచిదట."

శరణమ్మ అంటే మా ఊరి దవాఖానలో నర్సు. ఇరవై ఏళ్లుగా కాన్పులు చేస్తోంది. నాగప్ప ఈ మాట విని జాలిగా నవ్వాడు. నర్సమ్మకు ఇంజన్ గురించి ఏం తెలుసు పాపం!

ఆ రోజు నుంచి చల్లబరిచే కార్యక్రమం మొదలైంది. పొద్దున సబ్జా గింజల నీళ్లు, పగలు మజ్జిగ, సాయంత్రం బార్లీ. మిరపకాయ బంద్, టీ బంద్. అల్లం మీద సంపూర్ణ నిషేధం! చుట్టూ పది ఊళ్లలో అల్లం పండే చోట, రోడ్డు మీద అల్లం లారీలు తిరిగే చోట, ఒక ఆడమనిషికి అల్లం వాసన తగలకుండా కాపాడడం ఎంత కష్టమో ఆలోచించండి. నీలమ్మకేమో జొన్నరొట్టె, అల్లం పచ్చడి తినాలని ఒకటే కోరిక. ఆ సంగతి చాలాసార్లు చెప్పిందట. మేం బూర పనిలో ఉండి పట్టించుకోలేదు.

ఇక బూర వల్ల మా ఇంటికి కలిగిన లాభాలు వినండి.

మొదటిది, చుట్టాలు. ఇదివరకు చుట్టాలొస్తే గంటసేపు ఏం మాట్లాడాలో తెలియక వానల గురించి, చెరకు గురించి మాట్లాడుకునేవాళ్లం. బూర వచ్చాక, వచ్చినవాళ్లను నేరుగా పరదా దగ్గర కూర్చోబెట్టి చెంబు వినిపించేవాళ్లం. ఝరాసంగం నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చి విని, "మగపిల్లగాడే! డోలు దెబ్బ తీరుగ ఉన్నది," అన్నాడు. పక్కింటావిడ విని ఆడపిల్లే అన్నది. ఇద్దరికీ మాటామాటా పెరిగింది. చెంబు మళ్లీ కొట్టించాం. ఇంత కాలక్షేపం ఏ సినిమాలో ఉంది?

చెన్నమ్మ హోదా కూడా పెరిగింది. ముప్పై ఏళ్ల కాపురంలో నా భార్య మాటను నేను అంత శ్రద్ధగా విన్నది లేదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. బూర వచ్చాక ఆమె చెంచా ఎత్తితే నలుగురు మగవాళ్లం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఆమెకూ అది బాగా నచ్చింది. కొన్నిసార్లు బూర కడుపుకు ఆనకముందే చెంబు మోగేదని నాకు అనుమానం.

బూర కీర్తి వీధి దాటింది. ఎవరో తమ చూడి బర్రెను తోలుకొచ్చారు. దానికి పరదా అక్కర్లేదు కాబట్టి నాగప్ప నేరుగా విని, గేర్‌బాక్స్ బాగుందన్నాడు. బర్రె ఈనింది. దూడ బతికింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

పుట్టింటివాళ్ల బెడద కూడా బూర వల్లనే తప్పింది. ఏడో నెల చివర నీలమ్మ తల్లి మహాదేవమ్మ రాయికోడ్ నుంచి చీర, గాజులు, ఎండుకొబ్బరి కుడకలు పట్టుకుని కూతురిని తీసుకుపోవడానికి వచ్చింది. కాన్పుకు పుట్టింటికి పోవడం ఆనవాయితీ. నీలమ్మ అప్పటికే పెట్టె సర్దుకుని కూర్చుంది.

"వదినా, మీ తాన బూర ఉన్నదా?" అని చెన్నమ్మ అడిగింది.

మహాదేవమ్మ తెల్లబోయింది. "బూర ఎందుకు వదినా? నేనున్న గద తల్లిని."

"తల్లి ఉంటే చాలదు. లోపల ఏమైతున్నదో నీకెట్ల ఎరుకైతది?"

"నా బిడ్డ చెప్తది," అన్నది మహాదేవమ్మ.

మేమందరం ఎంత నవ్వామని! బూర లేని పల్లెటూళ్లలో ఇట్లాంటి నమ్మకాలే ఉంటాయి. మహాదేవమ్మ చీర, గాజులు ఇచ్చి మరునాటి బస్సులో ఒంటరిగా వెళ్లిపోయింది. నీలమ్మ పెట్టెలో బట్టలు మళ్లీ దండెం మీదికి వచ్చాయి. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మజ్జిగ మాత్రం తాగించాం.

అసలైన లాభం దవాఖానకు పోయే పని తప్పడం. నెలనెలా చూపించుకొమ్మని శరణమ్మ కబురు పెట్టేది. ఇంట్లో బావి ఉన్నవాడు బిందె పట్టుకుని పంపు దగ్గర వరసలో నిలబడతాడా? "బూర ఉన్నది, మేమే చూసుకుంటున్నం," అని శివరాజ్‌తో చెప్పి పంపాను. శరణమ్మ మళ్లీ కబురు పెట్టింది. మళ్లీ అదే జవాబు పంపాను.

ఇట్లా తొమ్మిదో నెల వచ్చింది. రెండు నెలల మజ్జిగకు కూడా ఇంజన్ చల్లబడలేదు. రోజూ అదే టకటక. నాగప్పకు మనసులో దిగులు పట్టుకుంది. మూడు బేరింగులు మార్చినా చప్పుడు పోని లారీని చూసినట్టు పరదా వైపు చూసేవాడు.

ఆ మంగళవారం పొద్దున అద్భుతం జరిగింది!

చెన్నమ్మ బూర పెట్టింది. ఎప్పుడూ పెట్టేచోట ఏమీ వినబడలేదు. కొంచెం జరిపింది. లేదు. ఇంకా జరిపింది. అప్పుడు దొరికింది. టక్... టక్... టక్. నెమ్మదిగా, నిబ్బరంగా, ఒక్క దెబ్బ తప్పకుండా. నేను లెక్కపెట్టాను. డెబ్బై నాలుగు!

నాగప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు. "సేటు! ఐడ్లింగ్‌ల పడ్డది! గిదీ ఇంజన్ అంటే! ఇగ ఫికర్ లేదు."

"అత్తమ్మా..." అని నీలమ్మ గొంతు.

"సప్పుడు చెయ్యకు బిడ్డా, ఇంకోసారి వింటున్న," అన్నది చెన్నమ్మ.

"నిన్న పొద్దుగాల సంది లోపల కదుల్తలేదు అత్తమ్మా."

"ఎందుకు కదుల్తది? చల్లవడి పండుకున్నది. నువ్వు గూడ పండుకో."

నేను బజారుకు మనిషిని పంపి పేడాలు తెప్పించాను. షెడ్డులో అందరికీ పంచాం. రోడ్డు మీద ఆగిన లారీ డ్రైవర్లకు కూడా పెట్టాం. మధ్యాహ్నం నీలమ్మ శివరాజ్‌తో అదే మాట చెప్పిందట. మా వాడు పేడా నములుతూ, "నాగప్ప మామ విన్నడు గద? డెబ్బై నాలుగున్నదట," అన్నాడట. సాయంత్రం నేను మొహం కడుక్కుంటుంటే నా దగ్గరికే వచ్చి నిలబడింది. "మామా, నాకు బుగులైతున్నది. జర దవాఖానకు పోదామా?" అన్నది.

నేనేమన్నానో రాయడానికి నాకిప్పుడు సిగ్గుగా ఉంది. "బుగులు పడితే బిడ్డకు మంచిది కాదమ్మా, రేపు పొద్దున మళ్లీ విందాం," అన్నాను. అన్నట్టే బుధవారం పొద్దున మళ్లీ విన్నాం. డెబ్బై ఎనిమిది. భేష్!

ఆ మధ్యాహ్నం నేను దుకాణంలో కూర్చుని ఉన్నాను. బొంబాయి రోడ్డు అంచున ఒక ఆడమనిషి నడిచి పోతోంది. పక్కనుంచి చెరకు లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. ఒక చేయి కడుపు కింద, ఇంకో చేత్తో కొంగు. చూస్తే మా నీలమ్మ! ఒంటరిగా!

"ఎటు పోతున్నవమ్మా?" అని కేకేశాను. తిరిగి చూడలేదు. ఇంకా గట్టిగా అరిచాను. ఆ రోజు నా మాట ఆమెకు వినబడలేదు.

ఇక చూడండి మా ఊరేగింపు! నీలమ్మ ముందు నడుస్తోంది. వెనక నేను ఒక్క కాలికే చెప్పుతో. నా వెనక చెన్నమ్మ, ఒక చేతిలో బూర, ఒక చేతిలో చెంబు. ఆమె వెనక శివరాజ్. అందరి వెనక నాగప్ప, తొందరలో పేచ్‌కస్ కూడా పట్టుకొచ్చాడు. దవాఖాన దాకా మా వెంట ఒక కుక్క కూడా వచ్చింది.

మేం చేరేసరికి నీలమ్మ బల్ల మీద పడుకుని ఉంది. శరణమ్మ ఆమె పక్కన నిలబడి ఉంది. నేను ముందుకొచ్చి, "సిస్టర్, ఫికర్ లేదు, పొద్దుగాలనే విన్నం, డెబ్బై ఎనిమిది..." అని మొదలుపెట్టాను. శరణమ్మ నా వైపు కూడా చూడలేదు. మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపి, అడ్డుగా తెర లాగింది.

"ఎప్పటి సంది బిడ్డా?" అని నీలమ్మను అడిగింది.

"సోమవారం పొద్దుగాల సంది అక్కా. జొన్నరొట్టె తింటుంటె ఒక్కసారి తన్నింది. గంతే. మల్ల తన్నలేదు."

"అంతకుముందు రోజూ తన్నేదా?"

"తిండి తిన్నంక ఆగకపోయేది అక్కా."

"మంచిగ చెప్పినవు," అన్నది శరణమ్మ.

అంతే. ఈ రెండు ప్రశ్నలూ మేం రెండు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని తోచలేదు. చెంబు ఉండగా అడగడమెందుకనుకున్నాం.

అప్పుడు శరణమ్మ చెన్నమ్మను లోపలికి పిలిచింది. "అక్కా, నువ్వు రోజు యాడ వింటున్నవో గాడ పెట్టు. విను. ఇగ నీ రెండో చెయ్యి గిటు తే. కోడలి నాడి పట్టుకో."

చెన్నమ్మ విన్నది. చాలాసేపు విన్నది. తెర బయట నిలబడ్డ మాకు ఏమీ అర్థం కాలేదు.

"బూరల ఎట్ల కొట్టుకుంటున్నది?" శరణమ్మ గొంతు.

"టక్... టక్..."

"నాడి?"

"గది గూడ... టక్... టక్..." అన్నది చెన్నమ్మ.

"రెండు ఒక్కటే గద అక్కా? గది బిడ్డ గుండె కాదు. నీ కోడలిదే. రెండు దినాల సంది మీరు విన్నది నీలమ్మ గుండెనే."

లోపల చెంబు కింద పడ్డ చప్పుడు వినిపించింది. నాగప్ప గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మేం పేడాలు పంచామే, దేనికి పంచాం? శరణమ్మ బూర తీసుకుని వెతుకుతోందని మాత్రం తెలుస్తోంది. నాకు గుర్తున్న దేవుళ్లందరినీ తలచుకున్నాను. ఝరాసంగం సంగమేశ్వరుడికి మొక్కాను. ఈ ఒక్కసారికి ఆ పిల్ల ముందు నన్ను దోషిని చేయకు స్వామీ అనుకున్నాను.

"ఉన్నది," అన్నది శరణమ్మ.

నీలమ్మ ఏడుపు అప్పుడు వినిపించింది. అప్పటిదాకా ఏడవలేదు.

"ఉన్నది కని, ఉరకాల్సింది నడుస్తున్నది. ఆగొద్దు. బీదర్‌కు పోవాలె, ఆపరేషన్ చెయ్యాలె. గాడీ చూడుండ్రి, జల్ది!"

ఉరకాలి. అదే మాట నీలమ్మ ఏడో నెలలో మాకు చెప్పింది. మేం దాన్ని రెండు నెలలు కష్టపడి, మజ్జిగ పోసి, నెమ్మదిగా నడిపించాలని చూశాం. మజ్జిగ వల్ల ఏ హానీ జరగలేదని డాక్టర్లు తర్వాత చెప్పారు. కానీ నెమ్మదించినప్పుడు సంబరం చేసుకున్నది మాత్రం మేమే కదా!

గాడీ అంటే మా షెడ్డులో ఒకటే ఉంది. బానెట్ తెరిచి ఉన్న అల్లం లోడు లారీ. నాగప్ప పరుగెత్తి బానెట్ దభాలున మూశాడు. దాన్ని వినలేదు, ముట్టుకోలేదు. "నడుస్తదా?" అని డ్రైవరును అడిగాడు. "నడుస్తది చాచా, ఎత్తు మీద జర గుంజుతది, గంతే," అన్నాడు డ్రైవరు. "నువ్వు చెప్పినవు గద, చాలు," అన్నాడు నాగప్ప. నలభై ఏళ్ల వృత్తిలో డ్రైవరు మాట మీద లారీని వదలడం అదే మొదటిసారి.

ముందు క్యాబిన్‌లో నీలమ్మ, శరణమ్మ, చెన్నమ్మ. పైన అల్లం బస్తాల మీద మేం మగవాళ్లం. ముప్పై కిలోమీటర్లు! మా కోడలికి రెండు నెలలు వాసన తగలకుండా కాపాడిన అల్లం మీద కూర్చుని ఆమె వెంట పోయాం.

పొద్దు గూకకముందే ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. బొడ్డుపేగు మెడకు రెండు చుట్లు చుట్టుకుని ఉందట. కొంచెంసేపు ఏడవలేదు. తర్వాత ఏడ్చింది. ఎట్లా ఏడ్చిందంటే వరండా చివర నిలబడ్డ మాకు బూరా అక్కర్లేదు, చెంబూ అక్కర్లేదు.

డాక్టరమ్మ బయటికొచ్చి, "సరైన సమయానికి తెచ్చారు. ముందుగా గమనించింది ఎవరు?" అని అడిగింది.

నేను సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాను. "మేమేనమ్మా. మా ఇంట్లో బూర ఉంది," అన్నాను.

నవ్వకండి! అలవాటు అంత తొందరగా పోతుందా? శరణమ్మ నన్ను ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు, కానీ రాయను.

ఇప్పుడు పాపకు నెల నిండింది. ఊయలలో వేశాం. అందరూ తలా ఒక పేరు అన్నారు, ఉరుకుల మీద పుట్టింది కాబట్టి చివరికి గంగ అని పెట్టాం. నీలమ్మ ఏ పేరు అనుకుందో తర్వాత అడగాలని అనుకున్నాను.

కనుక ప్రియ పాఠకులారా, ఈ అనుభవం తర్వాత కూడా బూర మీద నా నమ్మకం చెక్కుచెదరలేదు. తప్పు బూరది కాదు. శరణమ్మ చేతిలో అదే బూర బిడ్డను పట్టిచ్చింది. మరి మా చేతిలో ఎందుకు పట్టివ్వలేదు? దీని మీద లోతుగా ఆలోచించి నేనొక సిద్ధాంతం తయారు చేశాను. వినడం అనేది గొప్ప కళ. దానికి ఓర్పు కావాలి, ఏకాగ్రత కావాలి, అన్నిటికన్నా ముందు ఎదుటి మనిషిని...

క్షమించాలి, ఒక నిమిషం ఆటంకం. నీలమ్మ గుమ్మంలో నిలబడి ఏదో అంటోంది. వ్యాసం ముఖ్యమైన చోట ఉందని చేత్తో సైగ చేశాను.

ఎక్కడున్నాం? ఎదుటి మనిషిని. అవును. ఎదుటి మనిషి చెప్పేదాన్ని పూర్తిగా చెప్పనివ్వాలి. మధ్యలో ఆపకూడదు. మనకు ముందే తెలుసనుకోకూడదు. వాళ్ల ఒంటి సంగతి వాళ్లకు మనకన్నా ముందు తెలుస్తుంది. ఈ చిన్న విషయం మన పెద్దలకు, ముఖ్యంగా మామలకు, ఎప్పుడు అర్థమవుతుంది? నేను ఈ పేరా రాస్తూ చాలా కదిలిపోయాను. మళ్లీ ఏదో అంటోంది. తల ఊపాను.

ఈ వ్యాసాన్ని కత్తిరించి గోడకు అంటించుకోండి. ప్రతి గర్భిణి మంచం దగ్గరా ఒకటి ఉండాలి.

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి? రాసుకోవడానికి హాయిగానే ఉంది గానీ, ఊయల ఊగుతున్న చప్పుడు కూడా లేదు. లేచి చూశాను. ఊయలలో పాప లేదు. దండెం మీద నీలమ్మ చీరలు లేవు.

"చెన్నమ్మా! కోడలు ఎటు పోయింది?"

వంటింట్లోంచి చెన్నమ్మ ఆశ్చర్యంగా తల బయట పెట్టింది. "అదేంది? రాయికోడ్‌కు, తల్లిగారింటికి! మహాదేవమ్మ వచ్చి తోల్కపోయింది గద. మూడు నెలలు ఉండొస్తదట. మీకు రెండుసార్లు చెప్పిందట, మీరు తల ఊపిన్రట!"

ఊపే ఉంటాను పాఠకులారా. ఇంట్లో బూర ఉన్న మనిషిని, నాకు చెవులతో ఏం పని!